ముత్తాత పేరు ఎవరు చెప్తరు?

(నర్సాపూర్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



ముందుగాల ఒక ప్రశ్న అడుగుత. పెత్తరమాస నాడు మీ ఇండ్లల్ల పెద్దలకు పెట్టుకుంటరు కదా. కూడు, కూర, కల్లు పెట్టి పేర్లు తల్చుకుంటరు. ఎన్ని పేర్లు తల్చుకుంటరు? నాయిన పేరు, తాత పేరు. చాలామంది అక్కడ్నే ఆగుతరు. ముత్తాత పేరు చెప్పగలిగినోళ్ళు చేతులెత్తుండ్రి. సరే, పది పన్నెండు చేతులు లేచినయి. ఇప్పుడు ముత్తవ్వ పేరు తెలిసినోళ్ళు ఎత్తుండ్రి. ఇద్దరు. ఇంత మందిల ఇద్దరు.

ఇదే ప్రశ్న గడీలకు పోయి అడిగితే దొర ఏడు తరాలు గడగడ చదువుతడు. ఆయనకు మనకంటే తెలివి ఎక్కువుండి కాదు. ఆయన తాత పేరు పట్టా మీద ఉన్నది, సర్కారు దస్త్రంల ఉన్నది, గుడి గోడ మీద చెక్కి ఉన్నది. మన తాత పేరు దస్త్రంల ఎక్కితే పోచయ్య పోచిగాడైండు, ఎల్లమ్మ ఎల్లి అయ్యింది. ఎక్కకపోతే అదీ లేదు. భూమి లేనోనికి తండ్రి పేరు రాసే అవసరం ఎవనికీ రాలేదు. మనకు మన పెద్దలు తెల్వకపోవుడు మరుపు కాదు, అది కూడా ఒక దోపిడీనే.

ఈ ముచ్చట ఇప్పుడెందుకు తెచ్చిన్నంటే, ఒక పని మన నర్సాపూర్ మీదికి వచ్చింది. ఆ పనిల నుంచి మనం నేర్చుకునేది చాలా ఉన్నది.

డర్బన్ నుంచి వచ్చిన కాగితం

దక్షిణాఫ్రికాల డర్బన్ అనే పట్నం ఉన్నది. అక్కడి ఒక అన్న మన కార్యకర్త ఫోనుకు ఒక పాత కాగితం ఫొటో పంపిండు. ఆయన ముత్తాత కూలీగా ఓడెక్కినప్పటి రికార్డు నకలు. ఊరు కాలంల 'నర్సాపూర్' అని ఉన్నది. జిల్లా కాలం చినిగిపోయింది. ఆయన ఫోనుల వెతికితే మన మెదక్ నర్సాపూర్ దొరికింది. "మా ముత్తాత ఊరు మీ ఊరే కావచ్చు, మా చుట్టాలను వెతికిపెట్టండి" అని అడిగిండు.

ఆ కాగితంల ఏమేముంటయో చెప్తే మీరు ఆశ్చర్యపోతరు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఒంటి మీద మచ్చ ఎక్కడుంటే అది కూడా. మన ఊర్లల్ల మన తాతకు తండ్రి పేరు రాయని దొరతనం, చెరకు తోటలకు అమ్మేటప్పుడు మాత్రం మోకాలి మీది మచ్చ దాక రాసుకున్నది. పారిపోతే పట్టుకునేటందుకు!

1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నాటాల్‌కు, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాకు, 1879 నుంచి ఫిజీకి ఈ కూలీ ఓడలు నడిచినయి. నాటాల్‌కు పోయిన మొదటి ఓడ పేరు ట్రూరో. 342 మందితో మద్రాసుల బయలుదేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 దాక నాటాల్‌కు పోయినోళ్ళు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. ఎక్కువ పాలు మద్రాసు రేవు నుంచి పోయినోళ్ళే. అరవోళ్ళు, తెలుగోళ్ళు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903ల మొదలై 1916 దాక పోయినయి. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు దిక్కు నుంచి మనోళ్ళు చానామంది పోయిన్రు. కరువు ఒక దిక్కు, అప్పు ఒక దిక్కు, పాలేరుతనం ఒక దిక్కు తరిమితే పోయిన్రు. ఐదేండ్ల కరారు అని వేలుముద్ర పెట్టించుకున్నరు. చానామంది తిరిగి రాలేదు.

ఆ అన్న ముత్తాత కులం కాలంల ఏమున్నదో తెలుసా? 'మాల' అని ఉన్నది. ఆ అన్న ఇంటిపేరు మాత్రం నాయుడు.

నెత్తుటి పొత్తు ఎట్లా తేలింది?

ఆ అన్న కాగితంతోనే ఆగలేదు. డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నడు. ఇది మనం సక్కగ అర్థం చేసుకోవాలె. రేపు మన దగ్గరికీ వస్తది.

ఒక చిన్న గొట్టంల ఉమ్మి వేసి కంపెనీకి పంపుతరు. పీష్వాల కాలంల పూనాల మన ఉమ్మి నేల మీద పడొద్దని మెడకు ముంత కట్టిచ్చిన్రని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'ల రాసిండు. ఇయ్యాల అదే ఉమ్మికి డబ్బులు తీసుకుని, డబ్బాల పెట్టి, లెక్క కట్టి ఇస్తున్నరు.

ఉమ్మిల ఏమున్నది? మన ఒంట్లో ప్రతి కణంల తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన ఒక రాత ఉంటది. అదే డీఎన్ఏ. అట్లా లెక్కేస్తే తాత నుంచి దాదాపు నాలుగో వంతు, ముత్తాత నుంచి ఎనిమిదో వంతు వస్తది. ఏడు తరాలు పైకి పోతే 128 మంది పెద్దలు. అప్పుడు ఒక్కొక్కరి వంతుకు నూటికి ఒక పాలు కూడా రాదు. కంపెనీ ఏం చేస్తదంటే, నీ రాతను తన దగ్గరున్న లక్షల మంది రాతలతో పోల్చి చూస్తది. పొడుగాటి తునకలు ఎవరితోనన్న కలిస్తే 'వీళ్ళు నీకు చుట్టం కావచ్చు' అని జాబితా ఇస్తది. దాన్నే మ్యాచ్ అంటున్నరు.

ఇద్దరికి తాత అవ్వ ఒక్కరే అయితే పన్నెండున్నర శాతం దాక కలుస్తది. ముత్తాత ముత్తవ్వ ఒక్కరే అయితే మూడు శాతం. ఇంకో తరం పైన కలిస్తే ఒక శాతం కూడా ఉండదు. పదిమందిల ఒకరికి అసలు కనపడనే కనపడదు. దానికీ పైన కలిస్తే సగం మందికి కనపడదు. కనపడలేదంటే చుట్టరికం లేదని కాదు. పొలం పంచుకుంట పోతే ఆఖరోనికి గెట్టు కూడా మిగలదు చూడు, అట్ల.

డర్బన్ అన్నకు ఫిజీల ఒక అక్కతోని మ్యాచ్ వచ్చింది. ఒక శాతానికి లోపు. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూడలేదు, పేరు వినలేదు. కంపెనీ ఇంటర్నెట్టుల వంశవృక్షం రాసుకునే ఏర్పాటు కూడా ఇస్తది. ఒక ఇంటోళ్ళు రాసింది ఇంకో ఇంటోళ్ళు చూడొచ్చు, కలుపుకోవచ్చు. ఇద్దరూ తమ తమ చెట్లు పక్కపక్కన పెట్టుకున్నరు. అక్క దగ్గర కూడా ముత్తాత ఓడ పాసు ఉన్నది. ఆయన తండ్రి పేరు, ఈయన తండ్రి పేరు ఒక్కటే. ఊరు ఒక్కటే. అంటే ఒక తండ్రి కొడుకులు ఇద్దరు, ఒకడు నాటాల్ ఓడెక్కిండు, ఒకడు ఫిజీ ఓడెక్కిండు. ఇద్దరూ మళ్ళ కలుసుకోలేదు. వందేండ్ల తర్వాత వాళ్ళ మునిమనుమలు కలిసిన్రు.

ఇక్కడ గుర్తుపెట్టుకోండ్రి: డీఎన్ఏ చెప్పింది ఇంతే – 'మీరిద్దరూ చుట్టాలు'. ఎవరి ద్వారా చుట్టాలు, ఆ పెద్దమనిషి పేరేంది, ఊరేంది అన్నది అది చెప్పలేదు. అది చెప్పింది కాగితం. కాగితం లేకపోతే ఆ మ్యాచ్ ఒట్టి అంకె.

ఊరు కూడా తేలింది. అక్క దగ్గరి పాసుల జిల్లా కాలం సక్కగ ఉన్నది. 'కిష్ణా' అని ఉన్నది. అంటే అది మన నర్సాపూర్ కాదు, గోదావరి ఒడ్డున సముద్రానికి దగ్గరున్న నర్సాపురం. మరి కిష్ణా అని ఎందుకున్నదంటే, 1904ల జిల్లాలు మార్చినప్పుడు గోదావరికి పడమటి తాలూకాలను కృష్ణా జిల్లాల కలిపిన్రు. 1925ల పశ్చిమ గోదావరి జిల్లా అయ్యేదాక అది కృష్ణా జిల్లానే. అప్పుడు మన నర్సాపూర్ నిజాం రాజ్యంల ఉన్నది. ఊరి పేరు ఒక్కటే చూసి ఉరికితే తప్పు తొవ్వ పడతం. జిల్లా, తాలూకా, ఏ ఏడాదో చూడాలె.

మ్యాచుల జాబితా అంటే కులం జాబితానే

ఇంకో చిక్కు ఉన్నది. డర్బన్ అన్నకు ఒక్క అక్కతోనే కాదు, వందల మందితోని చిన్న చిన్న మ్యాచులు వచ్చినయి. తెల్లోళ్ళ లెక్క ప్రకారం వీళ్ళంతా కొంచెం దగ్గరి చుట్టాలు కావాలె. కానీ కాదు. ఎందుకు?

ఒక కారణం మేనరికం. మనింట్ల మేనమామ బిడ్డను చేసుకుంటరు, అక్క బిడ్డను చేసుకుంటరు. అప్పుడు ఒకే తాత రాత అమ్మ దిక్కు నుంచీ వస్తది, నాయిన దిక్కు నుంచీ వస్తది. యంత్రం దాన్ని రెండింతలు లెక్క కట్టి దూరపు చుట్టాన్ని దగ్గర చుట్టమంటది. పైకి 128 మంది ఉండాల్సిన చోట నలభై మందో యాభై మందో ఉండొచ్చు. అందుకే మన దిక్కు మ్యాచును ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇద్దరితోనీ కలిసే మూడో చుట్టాన్ని వెతకాలె. ముగ్గురికీ ఒకే తునక కలిసి, ముగ్గురి చెట్లల్ల ఒకే పెద్దమనిషి ఉంటేనే గట్టి పొత్తు.

రెండో కారణం కులం. 1916 మే నెలల, ఇరవై ఐదేండ్ల వయసుల, బాబాసాహెబ్ న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీల ఒక వ్యాసం చదివిండు. కులానికి పునాది ఏందంటే, సొంత గుంపుల్నే పెండ్లి అనే కట్టుబాటు, తక్కినవన్నీ దాని చుట్టూ పుట్టినయని చెప్పిండు. అప్పటికి డీఎన్ఏ ఎట్లుంటదో లోకంల ఎవరికీ తెల్వదు. 2009ల హైదరాబాద్ సీసీఎంబీల పనిచేసే తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాల డేవిడ్ రైక్ వాళ్ళు కలిసి 25 గుంపుల నుంచి 132 మంది డీఎన్ఏ చూసిన్రు. అందుల మన మాలలున్నరు, మాదిగలున్నరు, వెలమలున్నరు, వైశ్యులున్నరు. తేలిందేంది? దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపే. పాళ్ళు ఎక్కువ తక్కువ, అంతే. కలవని రక్తం అనేది ఏ కులం దగ్గర లేదు. 2013ల అదే జట్టు ఇంకో లెక్క తేల్చింది. దాదాపు నాలుగు వేల రెండు వందల ఏండ్ల కిందటి నుంచి పందొమ్మిది వందల ఏండ్ల కిందటి దాక జనం బాగా కలిసిన్రు. ఆ తర్వాత కలుసుడు ఆగిపోయింది.

అంటే ఒకనాడు అందరూ కలిసి బతికిన్రు, తర్వాత తలుపులు పెట్టిన్రు. బాబాసాహెబ్ చెప్పిన కట్టుబాటు మన ఒంట్లనే రాసి ఉన్నది. ఇయ్యాల నీ మ్యాచుల జాబితా తెరిస్తే నీ కులపోళ్ళే ఎందుకు వస్తరంటే, వెయ్యేండ్లకు పైగా ఆ తలుపులు తెరవలేదు గనక.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. కొందరు మన మిత్రులు కూడా డీఎన్ఏ చూపెట్టి 'మేమే అసలోళ్ళం, వాళ్ళు వచ్చినోళ్ళు' అని మాట్లాడుతరు. అది రిస్లే దొర తొవ్వ. ఆయన ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టిండు. బాబాసాహెబ్ 1948ల 'అంటరానివాళ్ళు' పుస్తకంల అవే ముక్కు కొలతలు తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానోడూ ఒకే జాతి మనుషులని ఎదురు చూపెట్టిండు. మన హక్కు మన నెత్తురుల లేదు. మన చెమటల ఉన్నది, రాజ్యాంగంల ఉన్నది. పెద్దల్ని వెతుకుదాం గానీ కొత్త మెట్లు కట్టొద్దు.

మన చెట్టు ఎవరి నోట్ల ఉన్నది?

ఓడెక్కినోళ్ళకు పాసన్న ఉన్నది. మన తెలంగాణ నుంచి పోయినోళ్ళకు అదీ లేదు. నిజాం రాజ్యం నుంచి బొంబాయికి నడుచుకుంట పోయి, రోడ్లేసి, బంగ్లాలు కట్టినోళ్ళు మనోళ్ళు. కామాటిపుర అన్న పేరే మన కామాటోళ్ళ వల్ల వచ్చింది. వాళ్ళకు ఓడ లేదు, నంబరు లేదు, మచ్చ రాసినోడు లేడు. బర్మాకు మేస్త్రీల చేతి కింద పోయిన తెలుగు కూలీలకు కూడా నాటాల్ తీరు జాబితాలు లేవు. అక్కడ వాళ్ళను కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అన్నరు. మనిషి పేరు పోయి రేవు పేరు మిగిలింది.

మరి మన చెట్టు ఎక్కడున్నది? నోట్ల ఉన్నది. డక్కలోళ్ళను యాది చేసుకోండ్రి. మాదిగోళ్ళ ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఇల్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చిందో పాడి చెప్పేది వాళ్ళు. జాంబపురాణం చెప్పేది వాళ్ళు. కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చినప్పుడు దేశం చప్పట్లు కొట్టింది. పద్మశాలోళ్ళకు కూనపులోళ్ళు, గొల్లోళ్ళకు మందెచ్చులోళ్ళు, రెడ్లకు పిచ్చకుంట్లోళ్ళు ఉన్నట్టే మనకూ మన వంశం చెప్పేటోళ్ళు ఉన్నరు. ఇంటర్నెట్టుల పది ఇండ్లు కలిసి రాసుకునే చెట్టు అంటున్నరే, అది డక్కలాయన ఎప్పుడో ఊరూరు తిరిగి కలిపి కట్టిండు.

కానీ మనం ఏం చేసినం? నిజం మాట్లాడుకుందాం. ఊరు మనల్ని వాడకు తోలింది. మనం డక్కలోళ్ళను వాడ బయట ఉంచినం. మన పెద్దల పేర్లు వాళ్ళ నోట విన్నం, వాళ్ళకు నీళ్ళు ఎత్తి పోసినం. వాళ్ళ పిల్లలు ఆ విద్య ఇడిచిపెట్టి కూలికి పోతున్నరంటే తప్పు ఎవరిది? ఒక్కొక్క ముసలాయన పోయినప్పుడల్లా నూరిండ్ల చెట్టు పోతున్నది. దాన్ని ఏ కంపెనీ ఉమ్మిల నుంచి తీయలేదు.

నోటి తర్వాత కాగితం. మనకు కాగితమే లేదనుకోవద్దు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తహసీల్ ఆఫీసుల ఉంటది. సేత్‌సింధి, నీరటి, బలూత ఇనాముల కింద మన తాతల పేర్లు దాంట్ల దొరుకుతయి. ఇయ్యకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండ్రి. పాత బడి రిజిస్టర్ల తండ్రి పేరుంటది. చర్చి రిజిస్టర్లు చూడండ్రి. మెదక్ పెద్ద చర్చి కరువు కాలంల కూలి పనిగా మొదలై 1924ల పూర్తయింది. మన మెదక్ పల్లెల్ల మాల మాదిగలు వందల ఇండ్లు ఆ మిషన్ల చేరిన్రు. బాప్తిస్మం పుస్తకంల పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, ఊరు రాసే పద్ధతి ఉన్నది. దావీదు వెనక దాసయ్య ఉన్నడు. హిందువుగా ఉన్నా, క్రైస్తవుడిగా ఉన్నా, బౌద్ధుడైనా చెట్టు ఒక్కటే.

తల్లుల పేర్లు

ఇందాక ముత్తవ్వ పేరుకు రెండే చేతులు లేచినయి. పహాణీల ఆమె లేదు, బడి రిజిస్టర్ల లేదు. పెండ్లయి ఊరు మారింది, ఇంటిపేరు మారింది. కానీ డీఎన్ఏల ఒక ముచ్చట ఉన్నది. మైటోకాండ్రియా అనే తునక తల్లి నుంచే పిల్లలకు వస్తది. కొడుకుకూ వస్తది, బిడ్డకూ వస్తది. ముందుకు ఇచ్చేది మాత్రం బిడ్డే. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అట్లా వేల ఏండ్ల తల్లుల గొలుసు. మనం మరిచిన తల్లిని ఒళ్ళు మరవలేదు. కాకపోతే పేరు అది కూడా చెప్పదు.

ఇంకో మాట కష్టంగ ఉన్నా చెప్పాలె. మన దిక్కు జోగినీలను చేసిన్రు, దొర బిడ్డ పెండ్లికి మన పిల్లను ఆడబాపగ పంపిన్రు. ఈ పరీక్షలు వాడల్లకు వస్తే ఏ గడీ నెత్తురు ఎక్కడ ఉన్నదో బయటపడతది. అది ఆ తల్లికి సిగ్గు కాదు. సిగ్గుపడాల్సినోడు వేరే ఉన్నడు. మన రాష్ట్రానికి గవర్నరుగ చేసిన ఎన్.డి.తివారీ మీద రోహిత్ శేఖర్ 2008ల ఢిల్లీ హైకోర్టుల కేసు వేసిండు. నాలుగేండ్లు కొట్లాడితే, 2012ల కోర్టు ఆర్డరుతోని నెత్తురు తీసిన్రు, తండ్రి ఆయనే అని తేలింది. చదువు, వకీలు, పైస ఉన్నోనికి నాలుగేండ్లు పట్టింది. జోగిని కొడుకుకు ఎన్నేండ్లు పట్టాలె? జోగినీ పద్ధతిని నిషేధిస్తూ 1988ల చట్టం వచ్చింది, పిల్లల తండ్రి కాలం మాత్రం ఖాళీగనే ఉన్నది. అయినా చెప్తున్న, తేల్చుకోవాల్నా వద్దా అన్నది ఆ తల్లి, ఆ బిడ్డ ఇష్టం. మనం బలవంతం చేయొద్దు, పండుగ చేయొద్దు.

ఉమ్మి ఇచ్చే ముందు

ఎవరన్న వచ్చి 'పరీక్ష ఉచితం, ఉమ్మి ఇయ్యండి' అంటే ముందు నాలుగు ప్రశ్నలు అడగండ్రి. ఎవరు దాచిపెడతరు? ఎవరికి అమ్ముతరు? వద్దంటే చెరిపేస్తరా? నాకేం చెప్తరు? నువ్వొక్కనివి ఇస్తే నీ అన్న, నీ బిడ్డ, ఇంకా పుట్టని మనుమడు కూడా ఇచ్చినట్టే లెక్క. ట్వంటీత్రీ అండ్ మీ అనే పెద్ద అమెరికా కంపెనీల 2023ల దొంగలు పడి 69 లక్షల మంది వివరాలు ఎత్తుకపోయిన్రు. 2025 మార్చిల ఆ కంపెనీ దివాలా తీసింది. మన దేశంల డీఎన్ఏ మీద 2019ల పార్లమెంటుల పెట్టిన బిల్లును 2023ల వెనక్కి తీసుకున్నరు.

పోలీసు చేతిల పడితే ఏమైతదో కూడా చూసినం. తమిళనాడు వేంగైవయల్‌ల 2022 డిసెంబరుల దళితులు తాగే నీళ్ళ ట్యాంకుల మలం కలిపిన్రు. 2023ల పోలీసులు డీఎన్ఏ పరీక్షకు పిలిచినోళ్ళల్ల ఎక్కువమంది ఆ వాడోళ్ళే. 'బాధితులం మేము, నెత్తురు మాది అడుగుతరా' అని వాళ్ళు ఎదురుతిరిగిన్రు. కాబట్టి మిత్రులారా, ఇది మంత్రం కాదు, కొడవలి అసొంటిది. ఎవని చేతిల ఉన్నదో చూడాలె.

"మా ఇంట్లో అన్నం తింటాడా?"

ఇగ డర్బన్ అన్న ముచ్చట ఎక్కడిదాక వచ్చిందో చెప్పి ముగిస్త.

ఊరు గోదావరి నర్సాపురమని తేలినంక అక్కడి మన మిత్రులకు రాసినం. వాళ్ళు మాలపల్లెల తిరిగి అడిగిన్రు. ఒక ముసలమ్మ చెప్పింది, తన అత్తగారి ఇంట్ల ఇద్దరు అన్నదమ్ములు ఓడెక్కి పోయిన్రని, వాళ్ళమ్మ చనిపోయేదాక రేవుకు పోయి కూర్చునేదని. పేర్లు తెల్వదు. ఇదే ఆ ఇల్లు అని మనం చెప్పలేం. ఆ ఇంటోళ్ళు ఎవరన్న పరీక్ష చేయించుకుంటే తేలొచ్చు, తేలకపోవచ్చు. మిత్రులు ఈ సంగతి చెప్తే ఆ ముసలమ్మ ఖర్చు ఎవరిదని అడగలేదు. లాభమేందని అడగలేదు. ఒక్కటే అడిగింది: "వచ్చినోడు మా ఇంట్లో అన్నం తింటాడా?"

ఎందుకంటే ఆమెకు వాళ్ళ ఇంటిపేరు నాయుడని చెప్పిన్రు.

అదే టైముకు డర్బన్ అన్న మనల్ని అడిగిండు, "కులం కాలంల మాల అని ఉన్నది, గుమాస్తా తప్పు రాసి ఉంటడా?" అని. మనం జవాబు రాసినం: అన్నా, గుమాస్తా ఊరి పేరు తప్పు రాయొచ్చు, మీ ముత్తాత పేరు తప్పు పలకొచ్చు. కానీ మీ పాసు నాటాల్ ఓడది, అక్క పాసు ఫిజీ ఓడది. రెండు ఓడలు, ఇద్దరు గుమాస్తాలు, ఒక్కటే కులం రాసిన్రు. ఓడ దిగినంక మీ ముత్తాత పేరు మార్చుకున్నడంటే మేం తప్పు పట్టం. ఇక్కడ నాలుగు వేల మైళ్ళు పోయినా తప్పని దాన్ని ఆయన అక్కడ సముద్రంల పారేసిండు. ఓడల అందరూ ఒక్క కుండల తిన్నరు. దిగినంక ఎవరు అడగాలె? ఆయన బతకనేర్చిండు. కానీ మీరిప్పుడు వెతుకుతున్నది మీ వాళ్ళను. మీ వాళ్ళు ఉన్నది మాలపల్లెల. నాయుళ్ళ వీధిల వెతికితే మీకు ఎవరూ దొరకరు.

ఇరవై రోజులు జవాబు లేదు. తర్వాత వచ్చింది. ఇంటర్నెట్టుల వాళ్ళింటి చెట్టు మీద ముత్తాత పేరు పక్కన ఆయన 'మాల' అని రాసిండు. వారం దినాలకు వాళ్ళ చిన్నాయన దాన్ని కొట్టేసి మళ్ళ 'నాయుడు' అని పెట్టిండు. ఈయన మళ్ళ మార్చిండు. ఆయన మళ్ళ మార్చిండు. పదిమంది కలిసి రాసే చెట్టు కదా, ఎవరన్న రాయొచ్చు, ఎవరన్న కొట్టేయొచ్చు. ఈ మాట నేను చెప్పేటప్పటికి అది ఏ రాత మీద ఉన్నదో నాకు తెల్వదు.

నవ్వకండ్రి. పట్నంల కిరాయికి ఇల్లు అడిగేటప్పుడు ఇంటిపేరు మింగేటోళ్ళు మనల్ల లేరా? డర్బన్‌ల జరిగేది హైదరాబాద్‌ల రోజూ జరుగుతున్నది. 2024 మార్చిల మారిషస్ పోయిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, ఏడో తరం వాళ్ళకు కూడా ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించిన్రు. సర్కారే ఏడు తరాలు వెతకమంటున్నది. వెతికే జనం ఇంకా పెరుగుతరు. వాళ్ళు పెద్దూళ్ళకే కాదు, మన వాడలకు కూడా వస్తరు. అప్పుడు మన దగ్గర చెప్పేటందుకు ఏమున్నది?

అందుకని పని చెప్తున్న. ప్రతి వాడకు ఒక నూరు పేజీల నోటుబుక్కు కొనండ్రి. ఇంటికొక పేజీ. పెద్దమనిషిని కూర్చోబెట్టి రాయండ్రి: పేరు, తండ్రి, తల్లి, తల్లి పుట్టిన ఊరు, తాత, అవ్వ, ముత్తాత, ముత్తవ్వ. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చిన్రు, ఎవరు బొంబాయి పోయిన్రు, ఎవరు దుబాయి పోయి తిరిగి రాలేదు. 'గాడు', 'ది' అని రాయొద్దు, నిండు పేరు రాయండ్రి. చెప్పినోళ్ళ పేరు, రాసిన తారీఖు కింద పెట్టండ్రి. తెల్వకపోతే ఖాళీ పెట్టండ్రి, ఊహ రాయొద్దు. తప్పు రాత ఒక్కటి చెట్టుకు ఎక్కితే పది చెట్లకు పాకుతది. చిందోళ్ళు, డక్కలోళ్ళు, మాష్టీలు ఎవరన్న మీ దిక్కు ఉంటే వాళ్ళను పిలిచి, మంచం మీద కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మీతోని కలిసి తిని, తర్వాత పేర్లు అడగండ్రి. ముందు పేర్లు అడిగి తర్వాత అన్నం కాదు.

దీనికి కంపెనీ వద్దు, ఉమ్మి వద్దు, వేల రూపాయలు వద్దు. రేపు ఏ డర్బన్ నుంచి ఏ అన్న వచ్చినా, ఆయన తెచ్చిన అంకెకు పేరు పెట్టేది ఈ నోటుబుక్కే. వచ్చే పెత్తరమాసకు నేను మళ్ళ వస్త. ముత్తవ్వ పేరు తెలిసినోళ్ళు చేతులెత్తుండ్రి అని మళ్ళ అడుగుత.

గోదావరి నర్సాపురం ముసలమ్మ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. వచ్చినప్పుడు ఈ పత్రికలనే రాస్తం.

జై భీమ్.